బావ పట్టిన కుందేలు

భూపాలపల్లి,
3 మే 1969.

తమ్ముడు కొండల్‌కు,

మీ కాలేజీ మూసేశారనీ, నువ్వు హైదరాబాదు నుంచి జనగామ వచ్చి ఇంట్లోనే ఉంటున్నావనీ నాయిన రాశాడు. పశువుల డాక్టరు చదువు సగంలో ఆగిందని బాధపడకు. తెలంగాణ ఎప్పుడొస్తుందో గాని, ఉద్యమం పుణ్యమా అని నీకు అమ్మ చేతి వంట మాత్రం ముందే వచ్చేసింది.

మేము బాగానే ఉన్నాం. మీ బావ అడవంతా తిరిగి నల్లబడ్డాడు. నాకు ఐదో నెల. వాంతులు తగ్గాయి, ఇప్పుడు చింతచిగురు కనబడితే ఆగలేను. మా అత్తమ్మ నన్ను చూసుకోవడానికి మహబూబాబాద్ నుంచి వచ్చింది. వచ్చేటప్పుడు ఒక బస్తా బియ్యం, రెండు జాడీల తొక్కు, లెక్కలేనన్ని సలహాలు తెచ్చింది.

ఇక ఒక చిన్న ప్రశ్న. ఇది నాది కాదు, మా పక్కింటావిడ అడగమంది. కుందేలు మూడు కాళ్ళతో పుట్టడం మీ శాస్త్రం ప్రకారం జరిగే పనేనా? నవ్వకుండా జవాబు రాయి. తొందరేమీ లేదు గాని వెంటనే రాయి.

అమ్మకూ నాయినకూ నమస్కారాలు.

నీ అక్క,
కమల

*

జనగామ,
14 మే 1969.

అక్కా,

నన్ను నవ్వొద్దన్నావు కాబట్టి నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఆమె నవ్వింది. నాయిన కూడా నవ్వాడు గాని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మీ పక్కింటావిడ నాకు తెలుసు. ఆమెకు మీసాలుంటాయి, ఖాకీ చొక్కా తొడుక్కుని అడవికి పోతుంది, పేరు ప్రకాశ్ రెడ్డి. మీ పెళ్ళిలో తూర్పు ఎటో పంతులుతో వాదన పెట్టుకుని, తెల్లారి సూర్యుడు వేరే దిక్కున పొడిచాక కూడా ఒప్పుకోని మనిషి. లోకంలో ఎవరైనా మొండికేస్తే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడని అంటారు. మా బావ సామెతతో ఆగకుండా కుందేలునే పట్టుకొచ్చాడా?

శాస్త్రం సంగతి అడిగావు కాబట్టి చెబుతాను. జరిగే పనే. మా కాలేజీలో ఒక గది నిండా గాజు సీసాలున్నాయి. ముందు కాలు లేని మేకపిల్ల, రెండు తలల దూడ, నాలుగు కాళ్ళ కోడిపిల్ల, అన్నీ పుట్టుకతో అలా వచ్చినవే. మొదటి ఏడు ఆ గదిలోకి పోయి వచ్చినరోజు నాకు అన్నం దిగలేదు. రెండో ఏడు ఆ గదిలోనే కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచాను. చదువంటే అదే.

అయితే ఒక పరీక్ష ఉంది. కాలు లేనిచోట చేత్తో తడిమి చూడు. మచ్చగాని, బొడిపెగాని తగిలితే ఉచ్చులో తెగిపోయినట్టు. బొచ్చు నున్నగా పరుచుకుని, లోపల భుజం ఎముక చిన్నదిగా ఉంటే పుట్టుకతోనే లేనట్టు. పక్కింటావిడను అడిగి రాయి.

నా దినచర్య బాగుంది. పొద్దున స్టేషను దగ్గర టెంటులో నిరాహార దీక్ష. సాయంత్రం లేచివచ్చి అమ్మ పొదగేసిన గుడ్లలో ఒకటి పగలగొట్టి లోపల పిల్ల ఎంతవరకు తయారైందో చూడటం. కాలేజీ లేకపోయినా పిండశాస్త్రం మరిచిపోకూడదు కదా. గుడ్లు పట్టుకుని తిరుగుతుంటే మంత్రి కారు మీద విసురుతానేమోనని నాయినకు భయం. కోడి తిరగబడుతుందని అమ్మకు భయం.

నీ తమ్ముడు,
కొండల్

*

భూపాలపల్లి,
22 మే 1969.

కొండల్,

సరే, దాచి లాభం లేదు. కుందేలు మా ఇంట్లోనే ఉంది. వంటింటి మూల, బుట్ట కింద.

మీ బావ అడవిలో ఎవరో వేటగాళ్ళు కట్టిన వలలో దాన్ని చూశాడట. విడిపించి వదిలేద్దామనుకుంటే అది మూడు కాళ్ళ మీద కుంటుతూ పోతోంది. నక్క పాలవుతుందని జాలిపడి చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. అంతవరకు మంచి పనే. మరునాడు ఆఫీసుకు పోయి ఆ సంగతి చెప్పాడు. అక్కడ చెడింది.

ఫారెస్టు వాచర్ కట్టయ్య వెంటనే అన్నాడట: "సారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళట." ఆఫీసంతా పొట్టలు పట్టుకుంది. ఈయన, "నిజం చెప్తున్న, ఇంటికొచ్చి చూడుండ్రి" అన్నాడు. వచ్చారు. చూశారు. నేను చాయ్ కూడా ఇచ్చాను. పోతూ పోతూ గుమ్మం దగ్గర కట్టయ్య పక్కవాడితో అంటుంటే నా చెవిన పడింది: "మాట నిలబెట్టుకోవాలని నాలుగోది సారే కోసిండు."

ఆ మాట మీ బావ కూడా విన్నాడు. ఇక ఆ కుందేలును ప్రాణం పోయినా వదలడు. దానికి భీముడని పేరు పెట్టాడు. నువ్వు చెప్పినట్టు తడిమి చూశాను. మచ్చ లేదు. ముందు ఎడమ కాలు ఉండాల్సినచోట బొచ్చు పట్టులా పరుచుకుని ఉంది. లోపల చిన్న రేకు లాంటి ఎముక తగిలింది.

నేను తడుముతుండగానే మా అత్తమ్మ చూసింది. చేతిలో చెంబు కింద పడేసింది.

"కడుపుతోనున్నదానివి, గసొంటిది ముట్టుకుంటవా? గది సూసినంక నీ పిల్లగానికి చెయ్యి మొలుస్తదా?"

ఆ రోజు నుంచి ఇంట్లో ఉద్యమం నడుస్తోంది. "గదన్న పోవాలె, నేనన్న పోవాలె" అని అత్తమ్మ. "రెండూ పోవు" అని మీ బావ. ఆమె వరండాలో మూడు రాళ్ళు పెట్టి వేరే పొయ్యి వేసుకుంది. వేరే గిన్నెలు, వేరే నీళ్ళ కుండ. అటునుంచి ఇటు ఉప్పు కావాలన్నా నేనే మధ్యవర్తిని. ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం ఎప్పుడొస్తుందో చెప్పలేను గాని మా వరండాలో వచ్చేసింది. వంట మాత్రం అక్కడే బాగుంటోంది, నేను రెండు రాష్ట్రాల్లోనూ తింటున్నాను.

నాకు భయమేమీ లేదు. ఊరికే అడుగుతున్నా. కడుపులో బిడ్డకు చేతులు ఏ నెలలో వస్తాయి?

కమల

*

జనగామ,
2 జూన్ 1969.

అక్కా,

నువ్వు ఊరికే అడిగావు, నేను ఊరికే చెప్పను. ఈ ఉత్తరం రాసేముందు పుస్తకం మళ్ళీ చదివాను, ఇంకో గుడ్డు కూడా పగలగొట్టాను. అమ్మ ఇప్పుడు గుడ్లను బియ్యం కుండలో దాచి పైన తాను కూర్చుంటోంది. కోడికీ ఆమెకూ తేడా తెలియడం లేదని అన్నాను. అప్పుడు తగిలిన గరిటె దెబ్బ ఇంకా ఉంది.

మూడో రోజు గుడ్డు జాగ్రత్తగా తెరిస్తే పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటుంటుంది. అదే గుండె. అప్పటికి ముక్కు లేదు, ఈక లేదు, కోడి అనడానికి ఏమీ లేదు. గుండె మాత్రం ఉంది. మరునాటికి రెండు పక్కలా చిన్న మొగ్గల్లా లేస్తాయి. రెక్కా మొగ్గే, కాలూ మొగ్గే. ఏది ఏమవుతుందో చూసి చెప్పలేం.

మనిషికీ అంతే. రెండో నెలలోనే మొగ్గలు వస్తాయి. ముందు చిన్న తెడ్డు లాగా ఉంటాయి, తర్వాత తెడ్డు అంచున గాట్లు పడి వేళ్ళు విడిపోతాయి. పెదవులు అతుక్కునేది కూడా అప్పుడే. గ్రహణం చూస్తే మొర్రి వస్తుందంటారు కదా, ఆ పెదవి అతుక్కోవడమో అతుక్కోకపోవడమో ఎప్పుడో రెండో నెలలోనే తేలిపోతుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము కడుపుతో ఉన్నామన్న సంగతే సరిగ్గా తెలియదు.

నువ్వు కుందేలును చూసింది ఐదో నెలలో. అప్పటికే నీ బిడ్డ చేతులతో పిడికిలి పట్టి, వేలు నోట్లో పెట్టుకుని, హాయిగా ఉంది. ఇల్లు కట్టి, పైకప్పు వేసి, సున్నం కొట్టాక గోడ మీద బల్లి పాకితే గోడ వంకరపోతుందా?

ఇది అత్తమ్మకు గట్టిగా చదివి వినిపించు. బల్లి మాట వదిలేసి చదువు. బల్లికి వేరే శాస్త్రం ఉంది, అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

కొండల్

*

మహబూబాబాద్,
17 జూన్ 1969.

కొండల్,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఉభయులకూ మాటల్లేవు. పైన ఊరి పేరు చూశావు కదా. అత్తమ్మ నన్ను ఇక్కడికి తీసుకొచ్చేసింది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. తెడ్డు, గాట్లు, పెదవులు అన్నీ ఓపిగ్గా విన్నది. అయ్యాక ఒకటే మాట అడిగింది: "నీ తమ్ముడు ఏం డాక్టరు?"

"పశువుల డాక్టరు చదువుతున్నడు అత్తమ్మా."

"మరి నువ్వు బర్రెవా?"

దీనికి జవాబు నీకు తోస్తే రాసి పంపు.

మరునాడు పొద్దున బండి కట్టించింది. మీ బావ అడ్డం వచ్చాడు. "అమ్మా, కుందేలు ఏం పాపం చేసింది?" అన్నాడు. "నాకు మనుమడో మనుమరాలో ముఖ్యం. నీకు చెవులదే ముఖ్యం. దాన్ని వదిలేసిననాడు మన ఊరు మానుకోటకు రా" అని చెప్పి బండెక్కింది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు, చంకలో భీముడు.

ఇక్కడ నా కంట వంకర వస్తువు పడకూడదు. జంట అరటిపండ్లు ఇంట్లోకి రావు. మెల్లకన్ను పాలవాడు మాన్‌సింగ్ గేటు అవతలే పాలు పోసి, మొహం అటు తిప్పుకుని, "పోసిన అవ్వా" అని అరిచి పోతాడు. మొదటి రోజు అటు తిరిగి పోస్తే సగం పాలు గేటు తాగింది. తోక తెగిన బల్లిని చీపురుతో వెళ్ళగొట్టించింది. నిన్న వంటింట్లో ముక్కాలి పీట మాయమైంది. మూడు కాళ్ళున్నాయని దాన్ని కూడా గొడ్లకొట్టంలో పడేసింది. ఇప్పుడు కింద కూర్చుని వంట చేస్తోంది, నడుము నొప్పి అని మూలుగుతోంది.

గోడ మీద వినాయకుడి పటం ఉంది. "మరి ఆయనకు నాలుగు చేతులు, ఏనుగు తల కదా అత్తమ్మా, చూడొచ్చా?" అని అడిగాను. రాత్రి అన్నం వడ్డిస్తూ తేల్చింది: "దేవుళ్ళకు ఎక్కువున్నయ్. ఎక్కువుంటే ఫికర్ లేదు. తక్కువుంటేనే పరేషాన్."

నవ్వుకున్నాను. కాని కొండల్, రోజంతా ఒకరు అలా భయపడుతుంటే పక్కనున్నవాళ్ళకు అంటుకుంటుంది. బిడ్డ కదిలినప్పుడల్లా తన్నింది కాలా చెయ్యా అని లెక్క చూసుకుంటున్నాను. రెండు పక్కలా తగిలితే గాని నిద్ర పట్టడం లేదు.

జనగామ వద్దామంటే రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఈ స్థితిలో దారిలో చిక్కుకుపోతే కష్టమని నాయిన కూడా ఇక్కడే ఉండమన్నాడు.

కమల

*

జనగామ,
10 జూలై 1969.

అక్కా,

ఇన్ని రోజులు ఉత్తరం రాయనిది నిరాహార దీక్షల వల్ల కాదు. అమ్మకు చెప్పనని ఒట్టు వేసి చదువు. నేను పోలీసు ఠాణాలో ఉండి వచ్చాను. బావ కూడా. కుందేలు కూడా.

నీ ఉత్తరం చూసి నాకు కూర్చోబుద్ధి కాలేదు. బస్సెక్కి భూపాలపల్లి పోయాను. దారిలో నాలుగుచోట్ల బస్సు ఆపి జై తెలంగాణ అనమన్నారు, అన్నాను. అయిదోచోట పోలీసులు ఆపి ఎందుకు అన్నావని అడిగారు. భీముణ్ణి నా కళ్ళతో చూశాను. నువ్వు తడిమి చెప్పింది అక్షరాలా నిజం. పుట్టుకతోనే కాలు లేదు. బాగా తిని పొట్ట పెంచింది, బావ దానికి నీ కన్నా ఎక్కువ చింతచిగురు పెడుతున్నాడు.

"బావా, ఇది ఇక్కడుంటే లాభం లేదు. అత్తమ్మ ముందు పెట్టి, ఇది పుట్టుకతో వచ్చింది, చూపుతో అంటుకునేది కాదు అని నేనే చెప్తా" అన్నాను. బావ మారుమాట లేకుండా బుట్ట ఎత్తాడు. నిన్ను చూడక చాలా రోజులైంది కదా.

హనుమకొండ ఇంకా రానేలేదు, బస్సు ఆపేశారు. ఆ రోజు బందు. కుర్రవాళ్ళు కనబడితే ఠాణాకు పట్టుకుపోతున్నారు. ఎస్సై కోస్తా మనిషి, చెమటతో తడిసి చిరాకు మీదున్నాడు.

"బుట్టలో ఏంటయ్యా?"

"కుందేలు సార్" అన్నాను.

అక్కడితో ఆగితే ఇంటికొచ్చేవాళ్ళం. బావ నిజాయితీపరుడు కదా. "మూడు కాళ్ళది సార్" అన్నాడు.

ఎస్సై బావను పైనుంచి కిందికి చూశాడు. "నాతోనే పరాచికాలా? లోపలికి పదండి, ఎవరు పట్టినదానికి ఎన్ని కాళ్ళో తేల్చుకుందాం."

లోపల వేశారు. కానిస్టేబులు దేవ్‌సింగ్ అని, మహబూబాబాద్ పక్క తండా మనిషి, బుట్ట మూత ఎత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. "సార్, నిజంగనే మూడే ఉన్నయ్."

"నువ్వూ వీళ్ళ జట్టేనా?" అన్నాడు ఎస్సై.

"సార్, నేను సర్కారు జట్టు. కాని మూడే ఉన్నయ్."

అప్పుడు ఎస్సై స్వయంగా లేచివచ్చాడు. బుట్టలోకి తొంగి చూసి, వేలితో లెక్కపెట్టి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంతలో భీముడు గుండ్రంగా తిరగడం, పొట్ట మీది బొచ్చు పీక్కోవడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు వెలిగింది. మూడేళ్ళు పశువైద్యం చదివినవాణ్ణి, ఆడో మగో చూడాలన్న ఆలోచనే రాలేదు. బావ పేరు చెప్పాడు, నేను నమ్మేశాను.

"సార్, ఇది ఈనబోతోంది" అన్నాను.

ఠాణా మారిపోయింది. దేవ్‌సింగ్ గోనెపట్టా తెచ్చి కిటికీకి కట్టాడు. పక్క గదిలో కూర్చోబెట్టిన విద్యార్థులు నినాదాలు ఆపేసి గుసగుసగా అడగడం మొదలుపెట్టారు. ఎస్సై అటూ ఇటూ తిరుగుతూ, "నీళ్ళు కాచమంటారా?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి కాన్పు అది. నేను చేసిందల్లా అక్కర్లేదని చెప్పడమే. మిగతాది అదే చూసుకుంది.

రెండు పిల్లలు. కళ్ళు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో. ఎస్సై వంగి పైకే లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏదీ, ఆ రెండోదాన్ని ఇటు తిప్పండి. నాలుగు."

పక్క గదిలో చప్పట్లు కొట్టారు. ఆయన అదిలించలేదు. నన్ను బల్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఇంట్లోనూ ఏడో నెలండీ. మా అత్తగారు గ్రహణమనీ మొర్రి అనీ మా ఆవిణ్ణి గదిలోంచి రానివ్వట్లేదు. మీరు డాక్టరంటున్నారు గదా, చూస్తే ఏదైనా అవుతుందంటారా?"

గుడ్డు, గుండె చుక్క, మొగ్గలు, తెడ్లు అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి, "మరి ఇవన్నీ మా అత్తగారికి మీరే వచ్చి చెప్పకూడదూ?" అన్నాడు. మా అమ్మ దగ్గరే గెలవలేకపోయాం సార్ అన్నాడు బావ. ముగ్గురం చాయ్ తాగాం.

సాయంత్రం వదిలేశాడు. రైళ్ళు లేవు కాబట్టి బాలింతను తీసుకుని బావ వెనక్కి పోయాడు. ఇప్పుడు దాని పేరు భీమమ్మ.

అత్తమ్మకు ఇది చదివి చెప్పు. మూడు కాళ్ళ తల్లికి నాలుగు కాళ్ళ పిల్లలు. మోసి కన్న తల్లిదే పిల్లలకు రాకపోతే, చూసినదానిది నీకెలా వస్తుంది?

కొండల్

*

మహబూబాబాద్,
24 జూలై 1969.

కొండల్,

చదివి చెప్పాను. అత్తమ్మ మొత్తం విని, "వాడు పట్టిన కుందేలు, వీడు రాసిన పిల్లలు. ఇద్దరికి ఇద్దరు" అని లేచిపోయింది. అయినా కాసేపటికి తిరిగొచ్చి, "పాలున్నయట్నా దానికి?" అని అడిగింది.

నాకైతే నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి పుట్టాయి. తర్వాత ఎందుకో ఏడుపు వచ్చింది. ఎనిమిదో నెల, నవ్వుకూ ఏడుపుకూ మధ్య గోడ పల్చనైంది.

నువ్వు ఇప్పటిదాకా ఏమేమి కావో చెప్పావు. చూస్తే కాదు, ముట్టుకుంటే కాదు, గ్రహణానికి కాదు. మరి ఆ కుందేలుకు కాలు ఎందుకు రాలేదు? అది ఒక్కటి చెప్పలేదు. తెలిసి చెప్పలేదా, తెలియక చెప్పలేదా?

నవ్వించకుండా రాయి.

కమల

*

జనగామ,
3 ఆగస్టు 1969.

అక్కా,

తెలియక.

పుస్తకంలో ఆ అధ్యాయం పెద్దదే. కొన్ని వంశంలో వస్తాయట, తాతకుండి మనవడికి. కొన్ని తల్లి వేసుకున్న మందుల వల్ల. కొన్నిటికి కారణం తెలియదని చిన్న అక్షరాలతో రాసి ముగించాడు. ఆ ముక్క నీకు రాయలేకపోయాను. నువ్వు భయపడతావని కాదు, నాకే భయమేసి.

నీ బిడ్డ ఎలా పుడుతుందో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఎక్కువమంది మామూలుగానే పుడతారని చెప్పగలను. నువ్వు చూసినదాని వల్ల, చేసినదాని వల్ల ఏమీ కాదని మాత్రం ఒట్టు వేసి చెప్పగలను. ఏం జరిగినా నిన్ను నువ్వు అనుకోకు. ఇంకెవరైనా అంటే నాకు రాయి. నడిచైనా వస్తాను.

ఆ కుందేలు సంగతి ఒకటి గమనించాను. దానికి కాలు లేదన్న బాధ మనందరికీ ఉంది గాని దానికి లేదు. బుట్ట తీస్తే చాలు, వరండా చివరిదాకా మన కన్నా ముందు పోతుంది.

పిల్లలు పెద్దవై గడ్డి మేస్తున్నాయని బావ రాశాడు. మూడింటినీ అడవిలో వదిలేశాడట, సెలవు దొరకగానే అక్కడికి వస్తాడట. కట్టయ్య పక్కనే ఉన్నాడట, కుందేలు పోయినంతసేపూ నోరెత్తలేదట.

కొండల్

*

మహబూబాబాద్,
16 సెప్టెంబరు 1969.

కొండల్ మామకు,

మామ అయ్యావు. ఆడపిల్ల. నేను బాగున్నాను, పిల్ల బాగుంది. ఇక మొదటి నుంచి చెబుతాను.

నొప్పులు పొద్దున మొదలయ్యాయి. తండా నుంచి మంత్రసాని సుక్కిని పిలిపించారు. మధ్యాహ్నానికి పిల్ల పుట్టి కేరుమంది. సుక్కి కడిగి, తుడిచి, చేతులు విప్పి చూసి ఆగిపోయింది.

"ఏమైంది, చెప్పు" అన్నాను. "చెయ్యి లేదా?"

"చెయ్యుంది అక్కా. ఎక్కువుంది."

ఎడమ చేతికి ఆరు వేళ్ళు. చిటికెన వేలు పక్కన శనగగింజంత ఇంకో వేలు, దానికి బియ్యపుగింజలో సగమంత గోరు.

ఇన్ని నెలలూ నేను దేనికి భయపడ్డానో అది కాలేదు. అనుకోనిది అయింది. సంతోషించాలో ఏడవాలో తెలియక అత్తమ్మ మొహం చూశాను. ఇక మొదలుపెడుతుంది, కుందేలంటుంది, నన్నంటుంది అనుకున్నాను. ఆమె పిల్లను చేతుల్లోకి తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. దగ్గరికి వచ్చాక చూస్తే రెండూ.

తన ఎడమ చెయ్యి నా ముందు పెట్టింది. చిటికెన వేలు పక్కన నున్నటి చిన్న మచ్చ.

"మా నాయినకుండె. నాకుండె. సంబంధం చూడనీకి వస్తున్నరంటే మా అవ్వ మంగలిని పిలిచి కోపిచ్చింది. ఎనిమిదేండ్లు నాకు. అప్పటిసంది ఎవ్వరికి చెప్పలే. నా కొడుక్కి గూడ."

ఆమె నా పక్కన కూర్చుంది. మీ బావ కడుపులో ఉన్నంతకాలం అదే భయమట. కొడుకు పుట్టినప్పుడు కూడా ముందు వేళ్ళు లెక్కపెట్టిందట. వాడికి రాలేదు కదా, తన దగ్గరే ఆగిపోయిందనుకుందట. నేను కుందేలును ముడుతుంటే చూసేసరికి ఆ భయం మళ్ళీ లేచింది. నువ్వు రాసిన తాతా మనవడి ముక్క నాకప్పుడు గుర్తొచ్చి చెప్పాను. "గదేదో నీ తమ్ముడు ముందు రాస్తే ఏమాయె? కుందేలు ముచ్చట ఇన్నొద్దులు రాసె" అన్నది.

మీ బావ మూడో రోజు దిగాడు. రైలు లేక సగం దూరం లారీ మీద, సగం దూరం ఎడ్లబండి మీద వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "వదిలేసిన అమ్మా" అన్నాడు. ఆమె పిల్ల చెయ్యి తన చేతి పక్కన పెట్టి చూపించింది. ఆయన మచ్చనూ వేలునూ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి చూస్తూనే పెరిగాడు కదా. చివరికి, "నొచ్చిందా అమ్మా?" అని అడిగాడు. "గప్పుడు నొచ్చింది" అన్నది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు ఆ పూట.

నిన్న దవాఖాన డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. ఎముక లేని వేలు, దారం కట్టేస్తే పది రోజుల్లో అదే ఎండి రాలిపోతుంది, ప్రమాదమేమీ లేదు అంది. మంచి మనిషి, మంచి మాటే చెప్పింది. మీ బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. డాక్టరమ్మ సంచిలోంచి దారం తీసింది.

అత్తమ్మ పిల్లను కొంగులో చుట్టుకుని లేచి నిలబడింది.

"దారం లోపల పెట్టమ్మా. నన్నెవ్వరు అడగలే. దీనికి మాటలొచ్చినంక దీన్నడుగుదం."

నీ అక్క,
కమల